చదువు, కాపురం, కడుపులో బిడ్డ: పరిశోధన విద్యార్థినులు తరచుగా అడిగే ప్రశ్నలు

పీజీయో పీహెచ్‌డీయో చేస్తూ మొదటిసారి తల్లి కాబోతున్నవాళ్ల కోసం ఇది రాశాను. వాళ్ల భర్తలు కూడా చదవాలి, ముఖ్యంగా ఆరో ప్రశ్న. ఆరోగ్యం విషయంలో మీ డాక్టర్ మాటే ఆఖరు మాట. సెలవుల విషయంలో మీ విశ్వవిద్యాలయం నిబంధనలే ఆఖరు మాట, సీనియర్లు చెప్పే కబుర్లు కాదు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. చదువు, సంసారం, గర్భం మూడింటినీ సమానంగా నెట్టుకురావడం ఎవరివల్లా కాదు. ఏ నెలలో దేన్ని తగ్గించుకోవాలో ఇద్దరూ కూర్చుని ముందే తేల్చుకోవడం మాత్రం ఎవరైనా చేయగలిగిన పనే. కింది జవాబులన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి.

1. చదువు పూర్తయ్యాకే పిల్లల్ని కనాలా? మధ్యలో అయితే ఏ దశ నయం?

చదువయ్యాక ఉద్యోగం వేట. ఉద్యోగం దొరికాక ప్రొబేషన్. అది గడిచాక ప్రమోషన్. ఆగాలనుకుంటే ఆగడానికి ఎప్పుడూ ఏదో ఒక కారణం దొరుకుతూనే ఉంటుంది. అలాగని తొందరపడమనీ అనను. వయసు లెక్క ఒకటుంది: గర్భం నిలిచే అవకాశం ముప్పై దాటాక మెల్లగా, 35 దాటాక ఇంకాస్త వేగంగా తగ్గుతుంది. మీకు 26 అయితే రెండేళ్లు ఆగినా పెద్ద తేడా ఉండదు. 36 అయితే థీసిస్ కోసం రెండేళ్లు ఆగేముందు ఒకసారి డాక్టర్‌తో మాట్లాడండి.

దశల సంగతికొస్తే, కోర్స్‌వర్క్ అయిపోయి డేటా సేకరణ ఇంకా మొదలవని కాలం నయం. లేదా డేటా అంతా చేతికొచ్చి రాయడమే మిగిలిన కాలం. ఊళ్లు తిరగాల్సిన ఫీల్డ్‌వర్క్ మధ్యలో అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే ఆ పని వాయిదా పడితే మీ చేతిలో లేని చాలా విషయాలు కూడా దానితోపాటు మారిపోతాయి.

అయితే సెమిస్టర్ సెలవుల్లో కాన్పయ్యేలా లెక్క వేసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఏ ఇబ్బందీ లేని జంటకైనా ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం దాదాపు నాలుగో వంతే. ఏడాది లోపల నూటికి ఎనభై మందికి పైగా నిలుస్తుంది. అంటే రెండో నెలకే కావచ్చు, పదకొండో నెలకి కావచ్చు. తేదీల మీద ఆశ పెట్టుకుని ప్రతి నెలా కుంగిపోవడం కన్నా, ఎప్పుడొచ్చినా తట్టుకునేలా పనులు సర్దుకోవడం మేలు.

పిల్లలు కావాలనుకున్న రోజునుంచే ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్) మాత్ర మొదలుపెట్టండి, రోజుకి 400 మైక్రోగ్రాములు. బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే నాళం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుపోతుంది. చాలామందికి అప్పటికింకా విషయం ఖాయంగా తెలియదు కూడా. అందుకే కనీసం నెల ముందునుంచి వేసుకోమంటారు.

2. నెల తప్పింది. గైడ్‌కి ఎప్పుడు చెప్పాలి?

మీరు రసాయనాలతోనో, రేడియేషన్‌తోనో, జంతువులతోనో పనిచేస్తుంటే వెంటనే. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదనుకుంటే అది మీ ఇష్టం, కానీ ల్యాబ్‌లో భద్రత చూసే మనిషికైనా చెప్పాలి. బిడ్డ అవయవాలు ఏర్పడేది ఆ మొదటి నెలల్లోనే. దాచిపెట్టే కాలం, జాగ్రత్తపడాల్సిన కాలం ఒకటే కావడం ఇందులో చిక్కు.

కంప్యూటర్ ముందో లైబ్రరీలోనో సాగే చదువైతే తొందరేమీ లేదు. మొదటి స్కాన్ అయ్యాక, నాలుగో నెలలో చెప్పినా సరిపోతుంది. అయిదో నెల దాటనివ్వకండి. మీ అంతట మీరు చెప్పడం వేరు, వాళ్లంతట వాళ్లు గమనించడం వేరు.

ఎదురుగా చెప్పి, ఆ సాయంత్రమే మెయిల్ పెట్టండి. క్షమాపణలు అక్కర్లేదు, అయిదు ముక్కలు చాలు: "నేను గర్భవతిని. ప్రసవం ఫలానా నెలలో. ఫలానా ద్రావకాలతో పని ఇవాళ్టినుంచి ఆపుతున్నాను. మూడో అధ్యాయం చిత్తుప్రతి ఫలానా తేదీకి ఇస్తాను. సెలవు గురించి వచ్చే వారం మాట్లాడదాం." అభినందనలు చెప్పి మర్చిపోయే గైడ్లు చాలామంది. రాతలో ఉన్నది మాత్రం ఆర్నెల్ల తర్వాత కూడా ఉంటుంది.

3. ల్యాబ్ పని మొత్తం మానేయాలా?

అక్కర్లేదు, కానీ ఏది మానాలో ఊహించుకుని తేల్చకండి. ప్రతి రసాయనానికీ సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది. దాని రెండో విభాగంలో ప్రమాద సంకేతాలుంటాయి. హెచ్360 అని ఉంటే సంతాన సామర్థ్యానికో కడుపులో బిడ్డకో హాని చేయవచ్చని అర్థం. హెచ్361 అంటే అలాంటి అనుమానం ఉందని. హెచ్362 అంటే పాలు తాగే బిడ్డకు హాని కలగవచ్చని, కాబట్టి కాన్పు తర్వాత తిరిగొచ్చాక కూడా అది మీకు పనికొచ్చే సంకేతమే. ఒక మధ్యాహ్నం కూర్చుని మీ బల్ల మీదున్న సీసాలన్నిటి షీట్లూ చూసి, ఈ మూడు సంకేతాలున్నవాటి పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం చేతిలో ఉంటే గైడ్‌తో మాట సులువవుతుంది. "భయంగా ఉంది సార్" అంటే ధైర్యం చెప్పి పంపేస్తారు. జాబితా చూపిస్తే పని మార్చక తప్పదు.

టొలీన్ లాంటి ద్రావకాలు, సీసం, పాదరసం సమ్మేళనాలు, కణాలను చంపే క్యాన్సర్ మందులు, జంతు శస్త్రచికిత్సల్లో వాడే మత్తు వాయువులు: వీటి విషయంలో మొహమాటం పనికిరాదు. రేడియోధార్మిక పదార్థాలతో పనిచేసేవాళ్లు తాము గర్భవతులమని రాసి ఇవ్వాలి. ఆ తర్వాత మిగిలిన నెలలన్నిట్లో కలిపి బిడ్డకు చేరే అదనపు మోతాదు సుమారు 1 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ మోతాదు కొలిచే ప్రమాణం) దాటకూడదని అంతర్జాతీయ మార్గదర్శకం. కొలిచే బ్యాడ్జి పొట్ట దగ్గర పెట్టుకోవడానికి వేరేది అడిగి తీసుకోండి. పిల్లులతో పనిచేసేవాళ్లు వాటి మలం శుభ్రం చేసే పని ఇంకొకరికి అప్పగించాలి, కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి భయం దానివల్లే.

మైక్రోస్కోపు చూడటం, విశ్లేషణ, కోడ్ రాయడం, జూనియర్లకి పద్ధతి నేర్పించడం, ఇవన్నీ నిక్షేపంగా చేసుకోవచ్చు. కంప్యూటర్ తెరనుంచి బిడ్డకు హాని అనేది ఉత్తమాట.

4. వేవిళ్లతో క్లాసులు, సెమినార్లు ఎలా?

వేవిళ్లు సాధారణంగా ఆరో వారంలో మొదలై, తొమ్మిదో వారం ప్రాంతంలో బాగా ముదిరి, పద్నాలుగు పదహారు వారాలకి చాలామందికి తగ్గిపోతాయి. ఈ వారాల లెక్క ఆఖరి నెలసరి మొదటి రోజునుంచి వేసేది. నెల తప్పిందని తెలిసేసరికే నాలుగు వారాలు అయిపోయినట్టు. అంటే కష్టకాలం దాదాపు రెండు రెండున్నర నెలలు. ఆ రెండు నెలల్లో పెద్ద ప్రజెంటేషన్ పెట్టుకోకండి, ఉంటే ఆన్‌లైన్‌లో చెప్తానని అడగండి.

వికారం ఉదయమే వస్తుందని రూలేమీ లేదు. మీకు ఏ పూట తగ్గుతుందో ఒక వారం గమనించి ఆ పూటకే రాత పని పెట్టుకోండి. కడుపు ఖాళీగా ఉంచకండి. ఐరన్ మాత్ర వల్ల వికారం పెరుగుతుంటే దాన్ని ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ని అడగండి. మంచినీళ్లు కూడా లోపల నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, బరువు తగ్గిపోతున్నా అవి మామూలు వేవిళ్లు కావు. సెలైన్ పెట్టాల్సిన పరిస్థితి కావచ్చు. అలాంటప్పుడు రేపటి క్లాసు సంగతి ఆలోచించకండి.

మెలకువ కోసం కాఫీ మీద ఆధారపడేవాళ్లకి: కెఫీన్ రోజుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు. టీ, కోలా, ఎనర్జీ డ్రింకులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

5. ఒక పేజీ చదివితే ముందు పేజీ గుర్తుండట్లేదు. మెదడు మొద్దుబారిందా?

లేదు. నిద్ర చాలట్లేదు, ఒళ్లు రెండు పనులు చేస్తోంది. తెలివితేటలు ఎక్కడికీ పోలేదు. ఏకాగ్రత నిలిచే సేపు తగ్గిందంతే. మూడు గంటలు ఏకబిగిన కూర్చునే అలవాటున్నవాళ్లకి ఇది పెద్ద దెబ్బలాగే ఉంటుంది.

నలభై నిమిషాల ముక్కలుగా పనిచేయండి. లేచి నాలుగడుగులు వేయండి. గర్భంలో కాళ్లల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ కాబట్టి గంటల తరబడి కదలకుండా కూర్చోవడం ఎటూ మంచిది కాదు. ఫైలు మూసేముందు ఆఖరి లైనులో ఎర్ర అక్షరాలతో ఎక్కడ ఆపారో, రేపు చేయాల్సిన మొదటి పని ఏమిటో రాసుకోండి. నేను రాసుకున్నవాటిలో ఒకటి ఇలా ఉండేది: "పట్టిక 4లో రెండో వరుస తప్పు, మూల ఫైలు చూడాలి. ఆ తర్వాతే పేరా మార్చు." మర్నాడు అరగంట వెతుక్కునే పని తప్పుతుంది. బిడ్డ పుట్టాక ఈ అలవాటు ఇంకా ఎక్కువ అక్కరకొస్తుంది, అప్పుడు మధ్యలో లేవడం మీ చేతిలో ఉండదు కాబట్టి.

6. మా ఆయన మంచివాడే, ఏం చేయమన్నా చేస్తాడు. అయినా చిరాకేస్తోంది. తప్పు నాదేనా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, చాలా మొహమాటంగా అడుగుతారు.

"ఏం చేయమంటావో చెప్పు, చేస్తా" అంటాడు. మంచి మాటే. కానీ ఏం చేయాలో గుర్తుపెట్టుకోవడం, ఎప్పుడు చేయాలో చెప్పడం, చేశాడో లేదో చూసుకోవడం మీ పనిగానే మిగిలిపోయింది. మనిషి సాయానికి వచ్చాడు గానీ బరువు దిగలేదు. థీసిస్ రాసేవాళ్లకి బుర్రలో జాగా ఎంత ముఖ్యమో అతనికి తెలియకపోవచ్చు. కోపంగా ఉన్నప్పుడు కాదు, తీరిగ్గా ఉన్న పూట చెప్పండి.

చెప్పేటప్పుడు విడివిడి పనులు ఇవ్వకండి. ఒక విషయం మొత్తం అప్పగించండి. ఉదాహరణకి ఆస్పత్రి. అపాయింట్‌మెంట్లు, రిపోర్టుల ఫైలు, బిల్లులు, బీమా, మందులు అయిపోకుండా చూడటం, అన్నీ అతనివే. చాలాచోట్ల ఏడో నెల వరకూ నెలకోసారి, తొమ్మిదో నెల దగ్గరపడేదాకా రెండు వారాలకోసారి, ఆ తర్వాత వారం వారం రమ్మంటారు. మధ్యలో 18 నుంచి 22 వారాల లోపు అవయవాల స్కాన్, 24 నుంచి 28 వారాల లోపు షుగర్ పరీక్ష. ఆ షుగర్ పరీక్షకి చాలాచోట్ల పరగడుపున వెళ్లి, గ్లూకోజ్ నీళ్లు తాగి, రెండు గంటలు అక్కడే కూర్చోవాలి. ఆ రోజు మీకు క్లాసుందో లేదో చూసి తేదీ తీసుకునేది కూడా అతనే అయితే, మీ తలలోంచి ఒక అర పూర్తిగా ఖాళీ అయినట్టే.

అప్పగించాక మళ్లీ వేలు పెట్టకండి. ఫైలు మీరు పెట్టినట్టు పెట్టకపోవచ్చు. దొరికితే చాలు.

అతనూ చదువుకుంటుంటే లెక్క ఇంకో రకం. ఇద్దరి గడువులూ ఒకే నెలలో పడకుండా చూసుకోవాలి. ఎవరి చదువు వెనక్కి జరగాలన్న మాట వచ్చినప్పుడు, "ఎలాగూ నీకు సెలవు కదా" అని మీదే జరిపేయడం తేలిక. బాలింత సెలవు చదువుకునే సెలవు కాదని ముందే అనుకోండి.

ఇంకో మాట. వారానికి ఒక పూటైనా బిడ్డ గురించీ, థీసిస్ గురించీ ఎత్తకుండా ఇద్దరూ కలిసి ఉండండి. కాపురం కూడా ఈ మూడింట్లో ఒకటే. దానికి గడువు తేదీ ఉండదు కాబట్టి ఎప్పుడూ అదే వెనకబడుతుంది.

7. ఆయన ఉద్యోగం వేరే ఊళ్లో. ఎప్పటినుంచి ఒకచోట ఉండాలి?

36వ వారం నిండేలోపు. అప్పటికి ఎవరు ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆరో నెలలోనే తేల్చుకోండి, ఎందుకంటే మీరు వెళ్లేటట్లయితే డాక్టర్ మారతారు. చాలా విమాన సంస్థలు 28 వారాలు దాటాక డాక్టర్ ఉత్తరం అడుగుతాయి, ఒకే బిడ్డయితే 36 వారాల తర్వాత ఎక్కనివ్వవు.

8. విద్యార్థినికి ప్రసూతి సెలవు ఉంటుందా?

ఇదే అన్నిటికన్నా తికమక పెట్టే విషయం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం కనీసం 14 వారాల ప్రసూతి సెలవు ఉండాలంటుంది. కానీ అది ఉద్యోగినులకి. ఫెలోషిప్ మీద చదివేవాళ్లని చాలాచోట్ల ఉద్యోగులుగా లెక్కపెట్టరు. ల్యాబ్‌లో పొద్దస్తమానం పని చేయించుకునేటప్పుడు రాని ఈ తేడా సెలవు అడిగినప్పుడే గుర్తొస్తుంది.

కాబట్టి "సెలవు ఉందా" అని అడిగి ఊరుకోకండి. ఆ సెలవులో ఫెలోషిప్ డబ్బు వస్తుందా, ఆగుతుందా? ఆగితే చివర్లో అన్ని నెలలు పొడిగిస్తారా? థీసిస్ ఇవ్వాల్సిన గరిష్ఠ గడువు అన్ని నెలలు ముందుకి జరుగుతుందా? సెలవులో ఉండగా విద్యార్థిగా నమోదు కొనసాగుతుందా? కొనసాగకపోతే హాస్టల్, లైబ్రరీ, ఆరోగ్య బీమా ఏమవుతాయి? విదేశంలో చదువుతుంటే వీసా ఏమవుతుంది? ఈ ఆఖరి రెండూ అడగకుండా సెలవు కాగితం మీద సంతకం పెట్టకండి. నమోదు ఆగితే బీమా ఆగిపోయేచోట, కాన్పు ఖర్చంతా మీ నెత్తిన పడుతుంది. జవాబులు మెయిల్‌లో తీసుకోండి. కౌంటర్ దగ్గర ఒకరు చెప్పింది ఇంకొకరు కాదనడం మామూలే.

9. కాన్పుకి ముందే థీసిస్ ఇచ్చేద్దామనుకుంటున్నాను. కుదురుతుందా?

కుదరొచ్చు, గడువు తేదీ సరిగ్గా పెట్టుకుంటే. డాక్టర్ ఇచ్చే ప్రసవ తేదీ 40 వారాలు నిండే రోజు. సరిగ్గా ఆ రోజునే కనేవాళ్లు ఇరవై మందిలో ఒకరు. 37 వారాలు దాటితే నెలలు నిండినట్టే, ఎప్పుడైనా నొప్పులు రావచ్చు. ప్రపంచం మొత్తం మీద పదిమందిలో ఒక బిడ్డ 37 వారాలకన్నా ముందే పుడుతోంది. అందుకని మీ గడువు 34వ వారం. ఆ తర్వాత మిగిలిన రోజులు అచ్చుతప్పులకీ, గైడ్ ఆలస్యానికీ.

వైవాని, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షని, మాత్రం తొమ్మిదో నెలలో పెట్టనివ్వకండి. దానికి ముందైనా, కాన్పయిన మూడు నాలుగు నెలలకైనా పర్వాలేదు. గంటన్నర నిలబడి మాట్లాడటం, మధ్యలో ఊపిరందకపోవడం, బాత్రూమ్‌కి లేవాల్సి రావడం, ఇవి మీ పరిశోధనకి పెట్టాల్సిన పరీక్షలు కావు. పెట్టక తప్పకపోతే కూర్చుని చెప్తానని, మధ్యలో పది నిమిషాల విరామం కావాలని ముందే రాసి పంపండి. ఎవరూ కాదనరు.

10. ఎలాంటి లక్షణాలొస్తే పుస్తకం మూసి ఆస్పత్రికి పరుగెత్తాలి?

రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, జ్వరం తగ్గకపోయినా. అయిదో నెల దాటాక విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, మొహం చేతులు ఉన్నట్టుండి వాయడం, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి వస్తే అది బీపీ వల్ల కావచ్చు. ఒకే కాలు వాచి నొప్పి పెట్టినా, బిడ్డ కదలికలు ఎప్పటికన్నా తగ్గినా కూడా వెళ్లాలి. తలనొప్పిని రాత్రంతా చదివిన అలసట కింద కొట్టిపారేయడం మన జాతి లక్షణం. పరిశోధకుల జాతి గురించే అంటున్నాను.

11. గర్భం పోయింది. ఎక్కువ పనిచేయడం వల్లేనా?

కాదు. తెలిసిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా ఇలా పోతుంటాయి, ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. తొలి నెలల్లో పోయినవాటిలో దాదాపు సగానికి కారణం క్రోమోజోముల తేడా. రాత్రిళ్లు చదవడం, పరీక్షల టెన్షన్, మెట్లెక్కడం వల్ల కాదు. ఎవరైనా అలా అంటే ఈ జవాబు చూపించండి.

గైడ్‌కి వివరాలు చెప్పక్కర్లేదు. ఆరోగ్యం బాగాలేదు, రెండు వారాలు రాను అంటే చాలు. వెంటనే పనిలో పడితేనే తేరుకునేవాళ్లున్నారు, నెలదాకా ఫైలు తెరవలేనివాళ్లూ ఉన్నారు. రెండూ మామూలే. మీ భర్త పైకి మామూలుగా ఉన్నాడని అతనికి బాధ లేదనుకోకండి.

12. కాన్పయ్యాక ఎన్నాళ్లకి చదువు మొదలుపెట్టొచ్చు?

శరీరం కోలుకోవడానికి ఆరు వారాలంటారు. సిజేరియన్ అయితే ఇంకాస్త. కానీ చదువుని ఆపేది నిద్ర. చంటిబిడ్డ రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. అంటే రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి లేవడమే. మొదటి మూడు నెలల్లో కొత్త అధ్యాయం రాస్తానని ఎవరికీ మాటివ్వకండి. రిఫరెన్సులు సరిచూసుకోవడం, బొమ్మలకి శీర్షికలు పెట్టడం లాంటి యాంత్రికమైన పనులు పక్కన పెట్టి ఉంచుకోండి, బిడ్డ నిద్రపోయినప్పుడు మీకు నిద్ర రాకపోతే చేసుకోవచ్చు. వస్తే మాత్రం పడుకోండి.

ల్యాబ్‌కి వెళ్లడం మొదలయ్యాక పాలు తీసి ఉంచాలనుకుంటే, గది వేడి 25 డిగ్రీల లోపు ఉన్నచోట నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవుంటాయి. ల్యాబ్‌లో నమూనాలు పెట్టే ఫ్రిజ్ వద్దు, చెప్పక్కర్లేదనుకోండి. తలుపు గడియ పడే గది ఒకటి కావాలని తిరిగి చేరే ముందే అడగండి.

రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోవడం, బిడ్డ మీద మనసు లేకపోవడం, బిడ్డ పడుకున్నా నిద్ర పట్టకపోవడం ఉంటే దాన్ని బద్ధకమనో, చదువు వెనకబడిందన్న దిగులనో అనుకోకండి. బాలింతల్లో నూటికి పదమూడు మందికి డిప్రెషన్ లాంటి ఇబ్బంది వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దానికి వైద్యం ఉంది, పాలిస్తూ వాడగలిగే మందులున్నాయి. తనకి గానీ బిడ్డకి గానీ హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, తీసుకెళ్లే బాధ్యత భర్తది.

13. "ఇంక ఈ చదువెందుకమ్మా, పిల్లని చూసుకో" అంటున్నారు అత్తగారు.

వాదించకండి. చాలాసార్లు ఆ మాట వెనక ఉండేది మీ ఒంటి మీద బెంగే. "ఇంకా రెండు అధ్యాయాలే అత్తయ్యా, ఫలానా నెలకి అయిపోతుంది" అని తేదీతో సహా చెప్పండి. ఎప్పటికి అయిపోతుందో తెలియని చదువంటేనే పెద్దవాళ్లకి భయం. రోజుకి రెండు గంటలు బిడ్డని ఎత్తుకోమని అడగండి, ఎత్తుకున్నాక ఆ గదిలోకి వెళ్లి తప్పులు పట్టకండి. ఇంకా గట్టిగా చెప్పాల్సి వస్తే చెప్పాల్సింది వాళ్లబ్బాయి, మీరు కాదు.

14. ఇక నావల్ల కాదనిపిస్తోంది. చదువు మానేస్తే?

మానేసే నిర్ణయం కాన్పయిన ఆర్నెల్లలోపు తీసుకోకండి. అప్పటిదాకా అధికారికంగా విరామం అడగండి, ఒక సెమిస్టరో రెండో. వెళ్లేముందు డేటా, కోడ్, చిత్తుప్రతులు రెండుచోట్ల భద్రపరచండి. ఏ ఫోల్డర్‌లో ఏముందో ఒక పేజీ రాసి గైడ్‌కి పంపండి. మీరు సేకరించిన డేటాతో ఈలోపు ఎవరైనా పేపర్ రాస్తే మీ పేరు ఏ స్థానంలో ఉండాలో అప్పుడే మెయిల్‌లో తేల్చుకోండి. తిరిగి చేరడానికి ఆఖరు తేదీ ఎప్పుడో, ఏ ఫారం నింపాలో కనుక్కుని ఆ తేదీకి నెల ముందు ఫోన్‌లో అలారం పెట్టండి. మీ ఫోన్‌లోనూ, మీ ఆయన ఫోన్‌లోనూ.